వెన్నుపాము దెబ్బతిన్నవారిలో కొవ్వెంత, కండెంత: కాటా నుంచి డెక్సా దాకా కొలిచే పద్ధతి

ప్రమాదానికి ముందు 64 కిలోలు. రెండేళ్లు వీల్‌చైర్‌లో గడిపాక కూడా 64 కిలోలే. ఇంట్లోవాళ్లు "బరువేం పెరగలేదులే, బాగానే ఉన్నాడు" అనుకుంటారు. కానీ ఆ రెండు 64లూ ఒకటి కావు. వెన్నుపాముకి దెబ్బ తగిలిన చోటికి కింద కండరాలు పని లేక కరిగిపోతాయి. పూర్తి గాయమైతే మొదటి ఆరు వారాల్లోనే తొడలు కంటికి తెలిసేంత సన్నబడతాయి. ఎముకల్లో ఖనిజం తగ్గుతుంది. పోయిన కండ బరువుని కొవ్వు పూడ్చేస్తుంది, అదీ ఎక్కువగా పొట్ట లోపల, పేగుల చుట్టూ. కాటా మీద అంకె కదలదు. షుగర్, గుండెజబ్బు ముప్పు మాత్రం పెరుగుతూ పోతుంది.

కాబట్టి ఉత్త బరువు చూసుకుంటే చాలదు. ఇంట్లో టేపుతో, కాటాతో తీసుకోగల కొలతలు కొన్ని ఉన్నాయి. విజయవాడలోనో గుంటూరులోనో సెంటర్‌కి వెళ్లి చేయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒకే పద్ధతిలో నెలనెలా తీసిన నడుం చుట్టుకొలత, ఎప్పుడో ఒకసారి చేయించిన ఖరీదైన డెక్సా (కొవ్వు, కండ, ఎముకల్ని విడివిడిగా చూపే స్కాన్) కంటే ఎక్కువ ఉపయోగపడుతుందన్నది నా అభిప్రాయం. స్కాన్ వద్దని కాదు, ఇంటి కొలతలు రాసిపెట్టుకున్నవాళ్లకే స్కాన్ డబ్బులు కిట్టుబాటవుతాయి.

కొలిచే రోజు

ఉదయం పూట పెట్టుకోండి. మోషన్ అయ్యాక, టిఫిన్‌కి ముందు. సీఐసీ (వేళకోసారి గొట్టం పెట్టి మూత్రం తీసుకోవడం) చేసుకునేవారు మూత్రం తీసేసుకోండి, కాథెటర్ ఉన్నవాళ్లు యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయండి. అర లీటరు మూత్రమంటే అర కిలో బరువు, నెల రోజుల మార్పు అంతే ఉండొచ్చు. మోషన్ అవక రెండు మూడు రోజులైతే పొట్ట ఉబ్బుతుంది, ఆ రోజు టేపు తీయకపోవడమే మంచిది. రోజంతా కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి పాదాల్లో నీరు దిగుతుంది. రాత్రి పడుకుని లేచేసరికి ఆ వాపు చాలావరకు తగ్గుతుంది. అందుకని కుర్చీలోకి మారకముందే టేపు పని ముగించి, తూకం ఆ తర్వాత పెట్టుకోవాలి.

మెడలోగానీ ఛాతీ పైభాగంలోగానీ, అంటే టి-6 (ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస) స్థాయిలోనో ఆ పైనో గాయం ఉన్నవాళ్లు ఒక విషయంలో జాగ్రత్తగా ఉండాలి. మూత్రాశయం నిండినా, కాథెటర్ మెలిపడినా, పట్టీ గట్టిగా బిగిసినా, కింద ఎక్కడో నొప్పి కలిగినా మనిషికి తెలియదు గానీ బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. దీన్ని అటానమిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారు. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, గాయానికి పైన చెమట, ముక్కు దిబ్బడ దీని గుర్తులు. వీళ్ల మామూలు బీపీ పై అంకె 90 నుంచి 110 మధ్యే ఉంటుంది కాబట్టి 140 చూసి "ఇదేం పెద్ద బీపీ" అని ఆస్పత్రి డ్యూటీలో ఉన్న కొత్త కుర్రాడు అనవచ్చు. మామూలు కంటే 20 పైన పెరిగితే సందేహించాలి. వెంటనే కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడేయండి, పట్టీలూ బట్టలూ వదులు చేయండి, కాథెటర్ చూడండి. అయినా తగ్గకపోతే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. కొలతల పని ఇంకో రోజు చూసుకోవచ్చు.

బెడ్‌సోర్ ఉన్నవాళ్లు గట్టి బల్ల మీద పడుకునే పరీక్షలేవీ ఇప్పుడు పెట్టుకోవద్దు. ముందు పుండు మానాలి.

తూకం

పెద్ద ఆస్పత్రుల్లో, రిహాబ్ సెంటర్లలో కొన్నిచోట్ల వీల్‌చైర్‌తో సహా తూచే కాటాలుంటాయి. మీకు అందుబాటులో ఉంటే సరే. లేకపోతే దిగులు పడక్కర్లేదు. గుంటూరు మిర్చి యార్డు పరిసరాలు, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్, రైస్ మిల్లులు, పార్సిల్ ఆఫీసులు... మన దగ్గర బస్తాల కాటాలకు కరువేం లేదు. వాటిలో మనకి పనికొచ్చేది ఏదో పోల్చుకోవడమే పని.

ముందు పలక సైజు చూడండి. మామూలు బస్తా కాటా పలక రెండడుగుల చదరం ఉంటుంది. దాని మీద వెనక చక్రాలు ఎక్కితే ముందు చిన్న చక్రాలు నేల మీదే ఉండిపోతాయి, వచ్చే అంకెకి అర్థం లేదు. నాలుగు చక్రాలూ పట్టాలంటే దాదాపు నాలుగడుగుల పలక కావాలి, గోడౌన్లలో అలాంటివి ఉంటాయి. లారీలు తూచే వేబ్రిడ్జి జోలికి పోవద్దు. అది ఐదేసి, పదేసి కిలోల లెక్కన చూపిస్తుంది, మనం వెతికే తేడా అర కిలో. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో అడగండి. ఇంకో చిన్న పరీక్ష కూడా చేయొచ్చు: సీలు తీయని 25 కిలోల బియ్యం బస్తా పెట్టి చూడండి, తర్వాత అదే బస్తాని పలకకు ఒక మూలన పెట్టి చూడండి. రెండుసార్లూ ఒకే అంకె రావాలి.

కుర్చీని పలక మీదికి ఎక్కించడానికి ర్యాంపు కావాలి. ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపులో చెప్పినా చెకర్డ్ ప్లేటుతో చేసిస్తారు. తూచేటప్పుడు ఆ ర్యాంపు పలకకి ఆనుకుని ఉండకూడదు. ఆనితే బరువులో కొంత అది మోస్తుంది, మీరు సన్నబడ్డారని అబద్ధం చెప్తుంది.

ఇక తూచే వరుస. దుకాణం దగ్గర మనిషిని కుర్చీలోంచి దించి మళ్లీ ఎక్కించడం కష్టం కాబట్టి, ఆటోలోంచో కారులోంచో మనిషి దిగకముందే ఖాళీ కుర్చీని తూచేయండి. కుషన్, ఫుట్‌రెస్టులు, వెనక తగిలించిన సంచి, అన్నీ తర్వాత ఎలా ఉండబోతున్నాయో ఇప్పుడూ అలాగే ఉండాలి. టేర్ బటన్ నొక్కి సున్నా చేసే అలవాటు కొందరికుంది. అంతకంటే కుర్చీ బరువు కాగితం మీద రాసుకోవడం నయం. వచ్చే నెల కుషన్ మార్చారనుకోండి, తేడా ఎక్కడిదో తెలుస్తుంది. మనిషి కూర్చున్నాక బ్రేకులు వేసి, ఫోన్, బెల్టు, కాళ్లకి వేసే క్యాలిపర్లు తీసి పక్కన పెట్టాలి. తోడు వచ్చినవాళ్లు హ్యాండిల్ మీద చెయ్యేసి నిలబడకూడదు. కాళ్లు ఎగురుతుంటే అవి ఆగేదాకా ఉండి అప్పుడు చదవాలి.

"నేను ఎత్తుకుని బాత్రూం కాటా మీద నిలబడతాను, నా బరువు తీసేద్దాం" అని అన్నదమ్ములో భర్తో ముందుకొస్తారు. పిల్లల విషయంలో పర్వాలేదు. పెద్దవాళ్లని అలా ఎత్తడం ఇద్దరి నడుములకీ ప్రమాదమే. ఇంట్లో పేషెంట్ లిఫ్ట్ (మనిషిని గుడ్డ ఊయలలాంటి స్లింగ్‌లో ఎత్తి మార్చే సాధనం) ఉంటే దాని కొక్కేనికీ స్లింగ్‌కీ మధ్య వేలాడే డిజిటల్ కాటా తగిలించవచ్చు, కాటా మోయగల బరువు మనిషి బరువుకి రెట్టింపైనా ఉండేలా చూసుకుని. ఫ్యాన్ కొక్కేనికి మాత్రం వద్దు.

ఎత్తు

నిలబడలేనప్పుడు ఎత్తు తీయడానికి మూడు దారులున్నాయి. ప్రమాదానికి ముందు ఎక్కడైనా సరిగ్గా కొలిచి రాసిన ఎత్తుంటే, పోలీసు సెలక్షన్ల కాగితంలాంటిది, అన్నిటికంటే అదే తేలిక. రెండోది, పరుపు గట్టిగా ఉన్న మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలకి ఒక అట్ట, పాదాలు నిటారుగా పెట్టి అరికాళ్లకి ఇంకో అట్ట ఆనించి మధ్య దూరం కొలవడం. మోకాళ్లు, తుంటి బిగుసుకుపోయి చాపలేనివాళ్లకి ఇది కుదరదు. అలాంటప్పుడు మడమ నుంచి మోకాలు, మోకాలు నుంచి తుంటి, తుంటి నుంచి భుజం, భుజం నుంచి నడినెత్తి అని ముక్కలుగా కొలిచి కలుపుతారు, కొంత తేడా వస్తుంది.

మూడోది చేతి కొలత. చేతిని భుజం ఎత్తున పక్కకి తిన్నగా చాపి, మెడ కింద రెండు ఎముకల మధ్య ఉండే గుంట నుంచి మధ్యవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఉన్న సందు దాకా కొలవండి. మగవారికి ఆ సెంటీమీటర్లని 1.40తో హెచ్చవేసి 57.8 కలపాలి. ఆడవారికి 1.35తో హెచ్చవేసి 60.1 కలపాలి. 80 వచ్చిన మగమనిషి ఎత్తు 169.8 సెంటీమీటర్లు అవుతుంది, 72 వచ్చిన ఆవిడ ఎత్తు 157.3. కొలత వేళ్ల సందు దగ్గర ఆగిపోతుంది కాబట్టి, మెడ దగ్గర గాయమై వేళ్లు ముడుచుకుపోయినవారికీ పనికొస్తుంది. మోచేయి చాపలేకపోతే పనికిరాదు. ఏ దారిలో తీసినా ఒకసారి తీసి ఖాయం చేసుకోండి. ప్రతిసారీ కొత్త ఎత్తుతో లెక్క వేస్తే గందరగోళం తప్ప ఏమీ మిగలదు.

బీఎంఐ, దానికి వేరే గీత

బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. మన 64 కిలోల మనిషి ఎత్తు 170 సెంటీమీటర్లనుకోండి: 64ని 1.7తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 1.7తో భాగిస్తే 22.1. క్లినిక్ గోడమీద చార్టులో ఇది ఆకుపచ్చ గడిలో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. భారతీయులకి ఆ గీతల్ని 23, 25గా కిందికి దించారు. ఆ లెక్కలోనూ ఇతను గట్టునే ఉన్నాడు.

వెన్నుపాము గాయం ఉన్నవారికి ఈ చార్టులు చెల్లవు. 2018లో అమెరికాలో ఇలాంటివారి కోసమే వచ్చిన వైద్య మార్గదర్శకాలు బీఎంఐ 22కి చేరితే చాలు ఊబకాయంగా చూడమన్నాయి. ఒంట్లో కొవ్వు శాతాన్ని నేరుగా కొలిస్తే మగవారిలో 22 శాతం, ఆడవారిలో 35 శాతం దాటితే ఊబకాయమే. గోడమీద చార్టు ప్రకారం "నార్మల్" అయిన మనిషి, తన చార్టు ప్రకారం డాక్టరుతో మాట్లాడాల్సిన మనిషి. ఇది చెప్పినా కొందరు డాక్టర్లు ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు నడుం కొలతా రక్తపరీక్షలూ ముందు పెట్టండి.

బరువు ఎంత ఉండాలన్నదానికి డైటీషియన్లు వాడే మోటు లెక్క ఒకటుంది. ఆ ఎత్తుకి మామూలుగా ఉండాల్సిన బరువులో, కాళ్లు మాత్రమే పడిపోయినవారికి 5 నుంచి 10 శాతం, నాలుగు అవయవాలూ పడిపోయినవారికి 10 నుంచి 15 శాతం తగ్గించడం. 66 కిలోలు ఉండాల్సిన మనిషికి మొదటి సందర్భంలో సుమారు 59 నుంచి 63, రెండో సందర్భంలో 56 నుంచి 59.

చేతులతో బరువులెత్తి, వీల్‌చైర్ ఆటలాడే కుర్రాళ్లకి మాత్రం బీఎంఐ ఇంకో వైపు తప్పుతుంది. భుజాల కండ బరువు పెంచుతుంది. కండతో బరువెక్కినవారికీ కొవ్వుతో బరువెక్కినవారికీ తేడా చెప్పేది టేపే.

టేపు

టైలర్ టేపు చాలు, కానీ పాతబడిన గుడ్డ టేపు సాగుతుంది. స్టీలు స్కేలు పక్కన పెట్టి చూసి, సాగి ఉంటే పారేయండి.

నడుం కొలత పడుకోబెట్టే తీయాలి. పొట్ట కండరాలు పట్టు తప్పినవారికి కూర్చోగానే పొట్ట ముందుకి జారుతుంది. ఒక నెల కూర్చుని, ఒక నెల పడుకుని తీస్తే ఆ రెంటినీ పోల్చడానికి లేదు. ఎయిర్ బెడ్ మీద అయితే ఒళ్లు లోపలికి దిగుతుంది కాబట్టి, వీలైతే మామూలు గట్టి పరుపు మీదికి మార్చండి. పక్కకి ఒత్తిగిల్లించి టేపుని నడుం కిందికి పంపి, మళ్లీ వెల్లకిలా తిప్పాలి. వెన్ను ఆపరేషనై కొత్తయితే తిప్పడానికి సర్జన్ అనుమతి ఉండాలి. టేపుని ఒంటి కింద నుంచి సర్రున లాగొద్దు. స్పర్శ లేని చర్మం కోసుకుపోయినా తెలియదు.

ఎక్కడ కొలవాలి? చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్య. రెండు పక్కలా వేలితో వెతికి పెన్నుతో గుర్తు పెట్టుకోండి. బొడ్డుకి అది ఎంత పైనో ఎంత కిందో కూడా పుస్తకంలో రాస్తే, వచ్చే నెల వేరేవాళ్లు తీసినా అదే చోట తీస్తారు. టేపు చర్మానికి తగులుతూ ఉండాలి, నొక్కకూడదు. మామూలుగా ఊపిరి వదిలిన చివర చదవాలి. రెండుసార్లు తీసి, సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి తీయండి.

భారతీయుల్లో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ముప్పుగా చూస్తారు. వెన్నుపాము గాయం ఉన్నవారినే పరిశీలించి 2014లో కెనడా పరిశోధకులు గుండెజబ్బు ముప్పుకి గీతగా 94ని చెప్పారు. బీఎంఐ కంటే నడుం కొలతే ఆ ముప్పుని బాగా పట్టిస్తుందని తేల్చిందీ వాళ్లే. మన ఒంటి తీరుకి మన గీతలే పాటించడం మేలని నాకనిపిస్తుంది. తొందరగా మేలుకోవడం వల్ల పోయేదేం లేదు.

తర్వాత తొడలు, పిక్కలు. మోకాలిచిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి తొడ చుట్టూ కొలవండి. పిక్కని అన్నిటికంటే లావుగా ఉన్నచోట కొలవండి. రెండు కాళ్లకీ వేర్వేరుగా రాయండి. మొదటి ఏడాదిలో ఇవి తగ్గుతూ పోవడం కండ కరగడమే. కాళ్లు బిగుసుకునే, ఎగిరే గుణం ఉన్నవారిలో కండ కొంచెం ఎక్కువ నిలబడుతుంది. స్పాజమ్స్‌ని అందరూ తిట్టుకుంటారు గానీ వాటివల్ల ఈ ఒక్క లాభముంది.

ఈ కాళ్ల కొలతకి ఇంకో ప్రయోజనం ఉంది, అది కొవ్వు లెక్క కంటే పెద్దది. ఒక పిక్క రెండోదానికంటే అకస్మాత్తుగా మూడు సెంటీమీటర్లు పెరిగితే అది కొవ్వూ కాదు, కండా కాదు. రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, తెలియకుండా ఎముక విరిగి ఉండొచ్చు, తుంటి చుట్టూ కండలో ఎముక పేరుకుంటూ ఉండొచ్చు. నొప్పి తెలియని కాలికి వాపు ఒక్కటే సాక్ష్యం. ఆ కాలిని మసాజ్ చేయొద్దు, ఫిజియో ఆపేసి అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చర్మాన్ని చిటికెతో పట్టి కొలిచే స్కిన్‌ఫోల్డ్ క్యాలిపర్ గురించి ఎక్కువ చెప్పను. దాన్నుంచి కొవ్వు శాతం లెక్కగట్టే సూత్రాలు నడిచే మనుషుల మీద తయారైనవి, వెన్నుపాము గాయం ఉన్నవారిలో కొవ్వుని తక్కువ చేసి చూపిస్తాయి. పైగా అసలు ప్రమాదం చర్మం కింద కొవ్వుది కాదు, పొట్ట లోపలిది. అక్కడికి చిటికె అందదు.

కరెంటుతో కొలిచే యంత్రం

జిమ్ముల్లో చెప్పులు విప్పి ఎక్కే యంత్రం చూసే ఉంటారు. దాని పద్ధతి పేరు బీఐఏ. చాలా చిన్న కరెంటు ఒంట్లోకి పంపి ఎంత అడ్డు వచ్చిందో చూస్తుంది. కండలో నీరెక్కువ కాబట్టి కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వులో అడ్డుపడుతుంది. అంతవరకే అది నిజంగా కొలిచేది. మిగతా కొవ్వు శాతం, కండ కిలోలు అన్నీ లోపలి సూత్రం వేసే అంచనా. ఆ సూత్రం కొవ్వు కాని ఒంట్లో 73 శాతం నీరుంటుందని నమ్ముతుంది. కండ తగ్గి, కాళ్లలో నీరు చేరినవారిలో ఆ నమ్మకం తప్పుతుంది.

నిలబడే యంత్రం మనకి కుదరదు. చేతికీ పాదానికీ స్టిక్కర్లు అంటించి పడుకోబెట్టి చేసే రకం కావాలి, కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో డైటీషియన్ల దగ్గరా డయాలసిస్ విభాగాల్లోనూ ఉంటుంది. చేయించుకునేటప్పుడు:

1. నాలుగైదు గంటల ముందు నుంచి భోజనం వద్దు, ముందురోజు మద్యం వద్దు. మూత్రం ఖాళీ చేసుకోవాలి.
2. వెల్లకిలా పది నిమిషాలు కదలకుండా పడుకున్నాకే మొదలుపెట్టమనండి. కుర్చీలోంచి మారగానే కాళ్లలో నీరు పైకి సర్దుకుంటూ ఉంటుంది.
3. చేతులు పక్కలకి, తొడలు ఒకదానికొకటి తగలకూడదు. తొడలు అతుక్కుని ఉంటే మధ్యలో మడతపెట్టిన టవల్ పెట్టండి.
4. ఒక చేతి మీద రెండు స్టిక్కర్ల మధ్య కనీసం ఐదు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఏ వైపు అంటించారో రాసుకోండి, ప్రతిసారీ అటే.
5. కొవ్వు శాతం ఒక్కటే కాకుండా యంత్రం నేరుగా కొలిచిన రెసిస్టెన్స్, రియాక్టెన్స్, ఫేజ్ యాంగిల్ అంకెలు కూడా ప్రింటులో ఇమ్మనండి. రేపు సరైన సూత్రంతో మళ్లీ లెక్క వేయాలంటే కావాల్సింది అవే.

పేస్‌మేకర్ ఉన్నవారికీ గర్భిణులకీ ఇది వద్దు. బాక్లోఫెన్ పంపు (కండరాల బిగుతు తగ్గించే మందుని ఒంట్లోకి వదిలేది) అమర్చినవారు ముందు తమ డాక్టరుని అడగాలి. విజయవాడ ఎండల సంగతి ఇక్కడ మర్చిపోకూడదు. మే నెలలో 45 డిగ్రీల్లో ఒంట్లో నీరు తగ్గినప్పుడు తీసిన రిపోర్టునీ, డిసెంబరులో తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా. పైస్థాయి గాయం ఉన్నవారికి గాయం కింద చెమట పట్టదు, ఒళ్లు వేడెక్కిపోతుంది. వేసవిలో అయితే ఉదయం ఎనిమిదిలోపు అపాయింట్‌మెంట్ అడగండి, తడిటవల్, స్ప్రే బాటిల్ వెంట ఉంచుకోండి.

డెక్సా

కొవ్వు, కండ, ఎముక, మూడింటినీ విడివిడిగా చూపించేది డెక్సా స్కాన్. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలతో బల్ల మీద పడుకున్న మనిషిని తల నుంచి పాదాల దాకా స్కాన్ చేస్తుంది. రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కంటే తక్కువ. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో డయాగ్నస్టిక్ సెంటర్లు వరసగా ఉంటాయి. గుంటూరు, విజయవాడ జీజీహెచ్‌లలో, మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా అడిగి చూడండి. "డెక్సా ఉందా" అంటే చాలామంది ఉందంటారు, కానీ అది నడుం, తుంటి బోన్ డెన్సిటీకి మాత్రమే కావచ్చు. మీరు అడగాల్సిన మాట "హోల్ బాడీ, బాడీ కంపోజిషన్ రిపోర్ట్ ఇస్తారా" అని.

ఫోన్లోనే ఇంకొన్ని తేల్చుకోండి. లిఫ్ట్ దాకా మెట్లు లేకుండా దారి ఉందా? చాలాచోట్ల నాలుగు మెట్లెక్కితేగానీ లిఫ్ట్ రాదు. స్కాన్ గది తలుపు వీల్‌చైర్ పట్టేంత వెడల్పుందా? బల్ల ఎత్తు వీల్‌చైర్ సీటు కంటే ఎంత ఎక్కువ? మార్చడానికి మనుషులున్నారా, మనమే తీసుకెళ్లాలా? స్లైడింగ్ బోర్డు (కుర్చీలోంచి బల్ల మీదికి జరగడానికి వాడే నున్నటి పలక) మీ దగ్గర ఉంటే తీసుకెళ్లండి. చంకల్లో చేతులేసి లేపడానికి వార్డుబాయ్‌లు సిద్ధంగా ఉంటారు, వద్దనండి. పట్టు లేని భుజం జారుతుంది, కాలు మెలిపడితే మోకాలి దగ్గర ఎముక పుటుక్కుమంటుంది.

బల్ల మీద పడుకున్నాక కాళ్లు ఎగరకుండా మెత్తటి పట్టీతో కట్టమనండి, బిగించకుండా. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. మోకాళ్లు చాపలేనివారు ఏ భంగిమలో పడుకున్నారో రిపోర్టులో రాయించుకుంటే, వచ్చేసారి అదే భంగిమ పెట్టొచ్చు. వెన్నులో రాడ్లు, స్క్రూలు ఉంటే టెక్నీషియన్‌కి ముందే చెప్పాలి. లోహం ఉన్నచోట ఎముకా, దాని చుట్టూ కండా తప్పు చూపిస్తాయి. స్కాన్ అవగానే పిరుదుల పైన, మడమల మీద చర్మం చూడండి. ఎర్రబడి, కాసేపటికి కూడా ఆ ఎరుపు పోకపోతే ఆ చోట బరువు పడకుండా పడుకోబెట్టాలి.

రిపోర్టులో మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండే మొత్తం కొవ్వు శాతం దగ్గరే ఆగిపోకండి. చేతులు, మొండెం, కాళ్లు విడివిడిగా ఇచ్చిన పట్టిక చూడండి. చేతుల్లో కండ బాగుండి, కాళ్లలో తగ్గి, మొండెంలో కొవ్వు పెరగడం పారాప్లీజియాలో, అంటే కాళ్లు పడిపోయినవారిలో, సాధారణంగా కనిపించే బొమ్మ. కాళ్లలో వాపుంటే ఆ నీరు కూడా కొవ్వు కాని భాగాన్ని చూపే "లీన్" గడిలోనే పడుతుంది, కండ పెరిగిందని పొంగిపోవద్దు.

ఎముకల విషయంలో ఒక మెలిక ఉంది. వెన్నెముక దగ్గర తీసిన బోన్ డెన్సిటీ వీళ్లలో బాగానే ఉన్నట్టు, కొన్నిసార్లు ఎక్కువున్నట్టు కూడా కనిపిస్తుంది. ఎముక నిజంగా పలచబడేది మోకాలి చుట్టూ, తొడ ఎముక కింది చివరా కాలి ఎముక పై చివరా. విరిగేదీ అక్కడే, మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు. ఆ చోట తీయగల సాఫ్ట్‌వేర్ ఉందా అని అడగండి. లేకపోతే కనీసం తుంటిది తీయించండి, నడుందొక్కటే చూసి "ఎముకలు భేష్" అని రాసిన రిపోర్టుని నమ్మి మోకాళ్ల మీద బరువు వేయొద్దు.

అంకెల్ని కలిపి చదవడం

బరువు కదలకుండా నడుం పెరుగుతుంటే కండ పోయి కొవ్వు వస్తోంది. మొదట చెప్పిన 64 కిలోల మనిషి కథ అదే. గాయమైన మొదటి నెలల్లో బరువు తగ్గి నడుం అలాగే ఉంటే ఎక్కువగా కండే కరుగుతోంది, అప్పుడు "లావు తగ్గాడు" అని తిండి తగ్గించకూడదు. బెడ్‌సోర్ ఉండి బరువు పడిపోతుంటే మాంసకృత్తులు చాలడం లేదేమో డాక్టరుతో తేల్చుకోవాలి. బరువూ నడుమూ రెండూ పెరుగుతుంటే విషయం తేలికే, తిండి ఎక్కువైంది.

ఆ తిండి లెక్క మనవాళ్లు నమ్మరు. కాళ్లు పడిపోయినవారికి కిలో బరువుకి రోజుకి సుమారు 28 కేలరీలు, నాలుగు అవయవాలూ పడిపోయినవారికి సుమారు 23 చాలు. 60 కిలోల మనిషికి అంటే దాదాపు 1,680, 1,380. రెండుపూటలా నిండుగా అన్నం, పప్పులో నెయ్యి, సాయంత్రం పునుగులు, చూడటానికొచ్చిన పిన్ని "బలం రావాలి నాయనా" అని తెచ్చిన సున్నుండలు... 1,380 మధ్యాహ్నానికే దాటిపోతుంది. పిన్నిని ఏమీ అనలేం, సున్నుండల డబ్బా మాత్రం పై అరలో పెట్టొచ్చు.

నడుం గీత దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకుని వెళ్లండి. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ వీళ్లలో తరచుగా తక్కువ ఉంటుంది, దాన్ని ప్రత్యేకంగా చూడమనండి.

టేపు, తూకం నెలకోసారి చాలు. వారంవారం తీస్తే నీటి తేడాలే కనిపించి టెన్షన్ తప్ప ఏమీ రాదు. డెక్సా ఏడాదికోసారి, అదే సెంటర్లో, అదే యంత్రం మీద. కంపెనీ మారితే అంకెలు కలవవు, అందుకని రిపోర్టు మీద యంత్రం పేరు లేకపోతే అడిగి రాయించుకోండి. బీఐఏ రిపోర్టు కొన్నిచోట్ల బిల్లు కాగితం లాంటి థర్మల్ పేపర్ మీద ఇస్తారు. మన వేడికి ఆ అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, ఇంటికి రాగానే ఫోటో తీసి, ముఖ్యమైన అంకెలు పుస్తకంలోకి ఎక్కించండి.